సుమో: నాలుగు నిమిషాల తతంగం, నాలుగు సెకన్ల ఆట. ఇందులో ఏముందో ఎవరైనా చెప్పండి

గుంటూరు గోంగూర
ఆఫీసు పని మీద మూడు వారాలకి టోక్యో వచ్చాను. ఇక్కడి టీములో ఒకాయనకి 2025 మే 23 శుక్రవారం సుమోకి టికెట్ ఉందట. ఆయనకి కుదరక నాకిచ్చారు. ఈ టికెట్లు దొరకడమే కష్టమని అందరూ కళ్లు పెద్దవి చేస్తుంటే వద్దనలేక తీసుకున్నాను.

నిన్న హోటల్లో టీవీ పెట్టి గంటసేపు చూశాను. కూర్చుంటారు, లేస్తారు, ఉప్పు చల్లుతారు, గుడ్లురిమి చూసుకుంటారు. కొట్టుకుంటారేమో అనుకునేలోపు మళ్లీ మూలకి పోయి తువ్వాలుతో మొహం తుడుచుకుంటారు. ఇలా మూడు నాలుగు సార్లు. విసుగొచ్చి టీ కలుపుకుందామని తల తిప్పాను. మళ్లీ చూసేసరికి ఒకాయన అరుగు కింద జనం ఒళ్లో ఉన్నాడు. అయిపోయింది!

రోజంతా దీని ముందు కూర్చోవాలంటే టెన్షన్‌గా ఉంది. కనీసం ఏం చూడాలో చెప్పండి.

చివరి బెంచీ
మా వీధిలో కాస్త లావుగా ఉన్నవాళ్లందరికీ సుమో అనే పేరు. మా బావమరిదిని అడిగి చెప్తా.

సుమిదా గట్టు
గోంగూర గారూ, తొమ్మిదేళ్లుగా ఇక్కడే టోక్యోలో, నిషికసాయ్‌లో ఉంటున్నాను. మొదటి రెండేళ్లు నాదీ మీ మాటే. ముందు ఆట ఏంటో చెప్తాను, తర్వాత ఉప్పు సంగతి.

బంకమట్టి కొట్టి గట్టిచేసిన అరుగు. దాని మీద మట్టి కూరిన గడ్డి కట్టలతో 4.55 మీటర్ల వ్యాసంలో వలయం. దీన్ని దోహ్యో అంటారు. అరికాలు తప్ప ఒంట్లో ఏది నేలకి తగిలినా ఓటమి, చిటికెన వేలైనా సరే. వలయం బయట కాలు పడినా ఓటమి. పిడికిలితో గుద్దకూడదు, జుట్టు లాగకూడదు, కళ్లలో వేళ్లు పెట్టకూడదు, గొంతు నులమకూడదు. అరచేత్తో చాచి కొట్టొచ్చు, నెట్టొచ్చు, నడుముకి చుట్టిన మవాషి పట్టుకుని ఎత్తొచ్చు. గెలుపు పద్ధతులు 82 అని సుమో సంఘం జాబితా ఉంది. రోజూ ఎక్కువగా కనిపించేవి మాత్రం రెండే: మవాషి పట్టుకుని బయటికి నడిపించే యోరికిరి, పట్టు లేకుండా నెట్టేసే ఓషిదాషి.

ఇప్పుడు మీ నాలుగు నిమిషాల సంగతి. ఈ ఆటకి విజిల్ లేదు. రిఫరీ మొదలుపెట్టమని చెప్పడు. ఇద్దరూ చేతులు నేలకి ఆనించాలి, ఇద్దరి ఊపిరీ ఒకే క్షణంలో కలవాలి, అప్పుడే లేచి ఢీకొట్టాలి. ఆ ఢీని తాచిఆయి అంటారు. పాతకాలంలో దీనికి సమయ పరిమితి లేదు, కుదిరేదాకా కూర్చుని లేస్తూనే ఉండేవాళ్లు. 1928లో రేడియో ప్రసారాలు మొదలయ్యాక, ప్రోగ్రాం ఎప్పుడవుతుందో తెలియాలి కదా, పది నిమిషాల గడువు పెట్టారు. తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు పై శ్రేణికి నాలుగు నిమిషాలయింది.

కాబట్టి అది ఆటకి ముందు తతంగం కాదండీ, ఆటలో భాగం. ఆ నాలుగు నిమిషాల్లో ఇద్దరికీ కుదిరితే ఎప్పుడైనా మొదలుపెట్టేయొచ్చు. టీకి లేవకండి.

ఎర్రమన్ను
నేను కుస్తీ మనిషిని. మా తాత ఊళ్లో తాలింఖానా నడిపేవాడు, గోదాలో మన్నుకి నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగా చేసేవాళ్లు. నేనూ ఇరవై రెండేళ్ల వరకూ దిగాను. అందుకని నాకు సుమోలో మొదట కళ్లబడింది నేల. మా గోదా పడటానికి చేసింది. వాళ్లది రాయిలా ఉంటుంది. అక్కడ పడటమంటేనే ఓటమి, ఇంక మెత్తగా ఎందుకు!

కుస్తీలో రెండు భుజాలూ నేలకి ఆనాలి. కింద పడ్డాకే సగం ఆట. పడ్డవాడు బోర్లా తిరిగి, మెలికలు తిరిగి, ఓపిక పట్టి లేస్తాడు. సుమోలో ఆ సగం లేనే లేదు. మొదటి తప్పే ఆఖరి తప్పు. అందుకే వాళ్ల కాళ్లు చూడండి గోంగూర గారూ, పొట్టలు కాదు. అరికాలు నేల నుంచి లేవకుండా ఈడ్చుకుంటూ ముందుకెళ్తారు. 160 కిలోల మనిషి కాళ్లు రెండు పక్కలకీ చాపి, ఛాతీ నేలకి ఆనిస్తాడు. అది చేయడానికి మొదట్లో కుర్రాళ్లు ఏడుస్తారట. మా వస్తాదు మాతో బస్కీలు తీయించినట్టే, వీళ్లు ఒక్కో కాలు పైకెత్తి నేలకేసి కొట్టే షికో రోజూ వందల్లో చేస్తారు.

ఇంకో సంగతి. హకుహో అని 45 టైటిళ్లు గెలిచిన మంగోలియా వీరుడున్నాడు, వాళ్ల నాన్న 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కుస్తీకి వెండి పతకం తెచ్చినవాడు. గోదా రక్తం ఎక్కడికి పోతుంది! వరస గెలుపుల్లో కూడా రికార్డు హకుహోదే, 63.

లెక్కల మాస్టారు
ఎర్రమన్ను గారూ, చిన్న సవరణ. వరస గెలుపుల రికార్డు ఫుతబాయామాది, 69. అది 1939 జనవరిలో తెగింది. హకుహో 63 దగ్గర 2010 నవంబరులో ఆగాడు, ఆపినవాడు కిసెనొసాతో. 45 టైటిళ్లు మాత్రం నిజమే, ఆయన తర్వాత తైహో 32.

గోంగూర గారికి నా సలహా: బలం సంగతి వాళ్లు చెప్పారు, మీరు 8 అనే అంకె గుర్తుపెట్టుకోండి. ఏడాదికి ఆరు బషోలు (టోర్నమెంట్లు). జనవరి, మే, సెప్టెంబరు టోక్యోలో, మార్చి ఒసాకాలో, జూలై నగోయాలో, నవంబరు ఫుకుఓకాలో. ఒక్కోటి 15 రోజులు. పై రెండు శ్రేణులవాళ్లు రోజుకొక ఆట ఆడతారు. 15లో 8 గెలిస్తే కాచికోషి, ర్యాంకు పైకి. 8 ఓడితే మాకెకోషి, కిందికి. కింది నాలుగు శ్రేణులకి ఏడే ఆటలు, అక్కడ గీత 4 దగ్గర.

అంటే 14వ రోజు సాయంత్రం 7 గెలిచి 7 ఓడినవాడికి మర్నాటి ఒక్క ఆటే రెండు నెలల బతుకు. వాడి ఎదురుగా అప్పటికే 9 గెలిచినవాడు నిలబడితే? ఈ లెక్కలోనే కుంభకోణాలూ పుట్టాయి. 2011లో ఫలితాలు ముందే మాట్లాడుకున్న మెసేజ్‌లు ఫోన్లలో బయటపడి, ఆ మార్చి బషో మొత్తం రద్దు చేశారు.

జీతాల గీత ఇంకా కఠినం. పై శ్రేణి మకుఉచిలో 42 మంది, దాని కింద జూర్యోలో 28 మంది. ఈ 70 మందికే నెల జీతం. జూర్యోకి నెలకి 11 లక్షల యెన్‌లు, అన్నిటికంటే పైనున్న యోకొజునాకి 30 లక్షలు. జూర్యో కింద మెట్టు మకుషితా. అక్కడినుంచి కిందున్న వందల మందికి జీతం సున్నా. తిండీ, పడకా, బషోకి కాస్త భత్యం.

చివరి బెంచీ
మాస్టారూ, మా కంపెనీ అప్రైజల్ కంటే ఇదే నయం. ఎందుకు కిందికి పోయామో కనీసం తెలుస్తుంది.

నాకో డౌటు. ఆ గోచీ ఊడిపోతే?

సుమిదా గట్టు
ఊడినవాడు ఓడినట్టే, రూలు ఉంది. 2000లో ఒకసారి కింది శ్రేణిలో నిజంగానే జరిగింది కూడా. అది గోచీ అంత చిన్నదేం కాదులెండి, చాలా మీటర్ల పొడుగు గుడ్డ మడతలు పెట్టి చుడతారు, కట్టడానికి ఇంకో మనిషి కావాలి. జూర్యో నుంచి పైవాళ్లకి బరిలో రంగురంగుల పట్టు, కిందివాళ్లకి నల్ల నూలు.

మాస్టారు చెప్పిన ఆ గీత డబ్బుతో ఆగదు. గీత పైన ఉన్నవాడికి సేవకి కింది కుర్రాళ్లుంటారు: వీపు రుద్దడానికి, సామాను మోయడానికి. బషో రోజుల్లో జుట్టు గింకో ఆకులా విప్పార్చి కట్టుకునే హక్కు, బరిలో ఉప్పు చల్లే హక్కు వాడివే. అట్టడుగు రెండు శ్రేణుల కుర్రాళ్లు జనవరి చలిలో కూడా పల్చటి నూలు యుకాతా, చెక్క చెప్పులతోనే తిరగాలి. ర్యోగొకు స్టేషన్ దగ్గర చూస్తుంటాను, పాపం అనిపిస్తుంది.

వేపచెట్టు నీడ
తిండి సంగతి చెప్పండి. మా పిల్లలకి సుమో అంటే తిండే.

సుమిదా గట్టు
పొద్దున లేచి ఏమీ తినకుండానే సాధన. తర్వాత స్నానం, ఆ తర్వాత మధ్యాహ్నం భోజనం, వెంటనే నిద్ర. బరువు పెరిగే కిటుకు ఆ వరసలోనే ఉంది. వండేది ఆ తాలింఖానా (వాళ్ల మాటలో హేయా) కుర్రాళ్లే. పెద్ద గిన్నెలో పులుసులా కాగే చాంకో నాబె: కోడిమాంసం, చేప, తోఫు, క్యాబేజీ, ముల్లంగి, పుట్టగొడుగులు. నిజానికి ఒంటికి మంచి వంటే, బరువు పెంచేది పక్కన పెట్టుకునే అన్నం. ముందు పెద్దవాళ్లు తింటారు. వండినవాళ్లు ఆఖరున, గిన్నెలో ఏం మిగిలితే అది.

బషో రోజుల్లో కోడి అయితే శుభమని నమ్మకం. కోడి రెండు కాళ్ల మీద నిలబడుతుంది. నాలుగు కాళ్ల జంతువంటే చేతులు నేలకి ఆనినట్టే కదా, అంటే ఓటమి!

ఎర్రమన్ను
హహ్హా, ఇది బాగుంది. మా తాతకి తెలిసుంటే ఊళ్లో మేకలు బతికేవి.

పల్స్ చూడు
డాక్టరుని, కాస్త చేదు మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఇదంతా ముచ్చటగా ఉంది గానీ, పద్దెనిమిదేళ్ల కుర్రాడి ఒంటి మీద 80 కిలోలు అదనంగా ఎక్కించి రాతినేల మీద ఢీకొట్టించడం నాకు కళగా కనిపించదు. షుగరు, మోకాళ్లు, మెడ. దానికి తోడు మాస్టారి లెక్క: దెబ్బ తగిలి ఇంట్లో కూర్చుంటే ఆడని ఆటలన్నీ ఓటముల కిందే జమ. గాయపడినవాళ్ల ర్యాంకు కాపాడే పద్ధతి ఒకప్పుడు ఉండేది, 2004 నుంచి తీసేశారు. అందుకని కట్లు కట్టుకుని దిగుతారు.

2017 మార్చిలో కిసెనొసాతో కథనే తీసుకోండి. కొత్తగా యోకొజునా అయ్యాడు, 13వ రోజు ఎడమ భుజం, ఛాతీ దగ్గర దెబ్బ. ఆగలేదు. ఆఖరి రోజు తెరునొఫుజిని ఒకే సాయంత్రం రెండుసార్లు ఓడించి టైటిల్ కొట్టాడు. దేశమంతా కన్నీళ్లు. ఆ తర్వాత? వరసగా బషోలు మానడం, మధ్యలో వదిలేయడం, 2019 జనవరిలో రిటైర్మెంట్. ఆ ఒక్క సాయంత్రం చప్పట్ల ఖరీదు ఒక కెరీర్.

2021 మార్చిలో ఒక యువకుడు తల నేలకి కొట్టుకుని బోర్లా పడిపోతే, నిమిషాల తరబడి అలాగే వదిలేశారు. ఏప్రిల్‌లో ఆసుపత్రిలో చనిపోయాడు. 2007లో పదిహేడేళ్ల శిక్షణార్థిని సాధన పేరుతో కొట్టి చంపితే, ఆ హేయా నడిపే గురువు జైలుకి వెళ్లాడు. ఇవి కూడా పరిచయంలో ఉండాలి.

సుమిదా గట్టు
ఉండాలి డాక్టరు గారూ, కాదనను. ఆ 2021 వీడియో నేను రెండోసారి చూడలేకపోయాను.

కానీ మీరు చెప్పిన సాయంత్రంలో రెండో మనిషి కథ కూడా వినండి. తెరునొఫుజి మంగోలియా కుర్రాడు. 2015లో ఓజెకి, అంటే యోకొజునాకి ఒక్క మెట్టు కింద. కిసెనొసాతో చేతిలో ఓడిన ఆ బషోలోనే, ముందురోజు ఎదుటివాడు ఢీకొట్టబోతే పక్కకి తప్పుకుని గెలిచాడు. అది రూలే, కానీ జనం సహించరు, హాలంతా తిట్టిపోశారు. తర్వాత మోకాళ్లు పోయాయి, షుగరు, కాలేయం జబ్బు. ఆడలేక ర్యాంకు జారుతూ జారుతూ కింది నుంచి రెండో శ్రేణి జోనిదాన్‌కి పడ్డాడు. ఓజెకి అయినవాడు అంత లోతుకి పడటం అంతకుముందు లేదు. మానేస్తానని ఎన్నిసార్లు అడిగినా గురువు ఒప్పుకోలేదు. 2019 మార్చిలో జోనిదాన్‌లో, మొన్నమొన్నటి కుర్రాళ్ల మధ్య మళ్లీ మొదలుపెట్టాడు. 2020 జూలైలో పై శ్రేణికి తిరిగొచ్చి, వచ్చిన బషోలోనే టైటిల్ కొట్టాడు. 2021లో 73వ యోకొజునా. 2025 జనవరిలో రిటైరయ్యాడు, మొత్తం 10 టైటిళ్లు.

మీరు చెప్పిన ర్యాంకు పద్ధతి కఠినమే. కానీ ఆ పద్ధతి లేకపోతే ఈ కథా లేదు.

పల్స్ చూడు
గట్టు గారూ, ఒక్కడు పైకొచ్చాడని నిచ్చెన మంచిదనలేం. ఆ దారిలో మోకాళ్లు పోగొట్టుకుని జీతం లేకుండా ఇంటికి పోయినవాళ్ల పేర్లు మనకి తెలియవు. అంతే నా మాట. తెరునొఫుజి వీడియోలు మాత్రం చూస్తాను.

వేపచెట్టు నీడ
డాక్టరు గారు మొదలుపెట్టారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. ఆడవాళ్లు ఆ అరుగు ఎక్కకూడదట కదా?

లెక్కల మాస్టారు
అవునమ్మా, నిజమే. 2018లో మైజురు అనే ఊళ్లో ప్రదర్శన ఆటల్లో మేయరు అరుగు మీద ప్రసంగిస్తూ కుప్పకూలాడు. జనంలో ఉన్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి గుండె నొక్కుతుంటే, ఆడవాళ్లు దిగిపోవాలని రిఫరీ మైకులో ప్రకటించాడు. మేయరు బతికాడు. సంఘం అధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు, రూలు మాత్రం అలాగే ఉంది. ఒసాకాకి మహిళ గవర్నరుగా ఉన్నప్పుడు కూడా, బహుమతి ఇవ్వడానికి ఆమెని అరుగు ఎక్కనివ్వలేదు.

షింతో (జపాన్ సంప్రదాయ మతం) ఆచారమని వాళ్ల సమాధానం. ప్రతి బషోకి అరుగు కొత్తగా కడతారు, మధ్యలో గుంట తీసి ఉప్పు, బియ్యం, ఎండు స్క్విడ్, సముద్రపు పాచి లాంటివి పూడ్చి పూజ చేస్తారు. మనకి కొత్తేం కాదు లెండి, ఇలాంటి సమాధానాలు.

వేపచెట్టు నీడ
ఆచారమే, కానీ ప్రాణం పోసే చేతిని దింపేయడం ఏ దేవుడికి ఇష్టం మాస్టారూ? అమెచ్యూర్ సుమోలో ఆడవాళ్లు ఆడుతున్నారు కదా. మన ముంబై అమ్మాయి హేతల్ దవే 2009 వరల్డ్ గేమ్స్‌కి వెళ్లింది. మా అమ్మాయికి ఆమె ఫొటోనే చూపిస్తాను.

చివరి బెంచీ
గోంగూర ఏమయ్యాడు? శుక్రవారం దాటిపోయింది.

గుంటూరు గోంగూర
వచ్చాను వచ్చాను. నిన్నంతా నిద్రపోయాను. ఒళ్లు పట్టేసింది, ఊరికే చూసి కూడా.

గట్టు గారు విడిగా మెసేజ్ పెట్టి పొద్దున్నే వెళ్లమన్నారు. పదిన్నరకే వెళ్లాను. పదకొండు వేల మంది పట్టే కొకుగికాన్ హాలు, లోపల ఓ రెండొందల మంది ఉన్నారేమో. ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. బరి మీద అరచేతులు ఛాతీకి తగిలే చప్పుడు పై వరస దాకా వినిపిస్తోంది. ఉప్పు లేదు. రిఫరీ కాళ్లకి చెప్పుల్లేవు. అడిగితే, కింది శ్రేణి ఆటల్ని నడిపేది కింది రిఫరీలే, వాళ్లూ ఒట్టి కాళ్లతోనే నిలబడాలి అన్నారు. చెప్పులు వేసుకోవాలంటే వాళ్లూ ఎదగాలట.

పక్కన కూర్చున్న పెద్దాయనకి వచ్చిన ఇంగ్లిషు పది మాటలు. పేపరు చూపించి వేలు పెట్టాడు: మూడు గెలుపులు, మూడు ఓటములు. ఎదుటివాడికీ మూడు, మూడు. మాస్టారూ, అప్పుడు మీ లెక్క గుర్తొచ్చింది, నా చేతులు చల్లబడ్డాయి. ఇద్దరూ ఇరవై దాటని కుర్రాళ్లు. ఒకడు లావు, ఒకడు నాలాగే ఉన్నాడు, వాడి మోకాలికి కట్టు. ఢీకొట్టారు. సన్నవాడు వలయం అంచుకి పోయాడు, మడమలు గడ్డి కట్ట మీదున్నాయి, రిఫరీ "నోకొత్త నోకొత్త" అంటున్నాడు (ఇంకా లోపలే ఉన్నావు అని అర్థమట), ఒళ్లంతా విల్లులా వంగింది. అక్కడ ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. తర్వాత ఇద్దరూ కలిసి కింద పడ్డారు. అరుగు కింద కూర్చున్న నల్ల బట్టల జడ్జీలు ఐదుగురూ పైకెక్కి మాట్లాడుకుని, ముందు పడింది లావాటివాడని తేల్చారు. సన్నవాడు గెలిచాడు. మొహంలో ఏమీ లేదు, నవ్వు కూడా లేదు. ఒంగి దండం పెట్టి, దిగి, కుంటుతూ వెళ్లిపోయాడు. చప్పట్లు కొట్టింది నేనూ, పెద్దాయనా, ఇంకో పదిమంది.

మధ్యాహ్నం బేస్‌మెంట్లో కాల్చే కోడి పుల్లలు తిన్నాను. మూడున్నర దాటాక హాలు కిటకిట. సాయంత్రం ఓనోసాతో అనే ఓజెకి 13కి 13 గెలిచి, రెండు రోజులుండగానే టైటిల్ ఖాయం చేసుకున్నాడు. పెద్దాయన లేచి నిలబడి అరిచాడు. ఓనోసాతోది ఇషికవా అట, 2024 జనవరిలో భూకంపం వచ్చిన జిల్లా. ఇప్పుడిక ఇతను యోకొజునా అవుతాడంటున్నారు. డాక్టరు గారూ, ఇతని గురువు ఎవరో తెలుసా? మీరు చెప్పిన కిసెనొసాతోనే.

పల్స్ చూడు
ఇది తెలియదు. శిష్యుడికి దెబ్బ తగిలితే ఆ గురువు ఏం చేస్తాడో చూడాలని ఉంది.

లెక్కల మాస్టారు
ఓనోసాతో మొదటి బషో నుంచి లెక్కేస్తే ఇది 13వది. ఖాయమైతే ఆధునిక కాలంలో ఇంత వేగంగా ఎవరూ యోకొజునా కాలేదు. నిన్న ఆఖరి రోజు యోకొజునా హోషోర్యు చేతిలో ఓడాడు, 14-1.

ఎర్రమన్ను
గోంగూర గారూ, అంచు మీద నిలబడ్డాడన్న ఆ కుర్రాడి కాలు ఎలా పెట్టాడు? వేళ్లు గడ్డిని పట్టుకున్నాయా, మడమ మీద బరువేశాడా?

గుంటూరు గోంగూర
వేళ్లు. కట్టు ఉన్న కాలి వేళ్లు.

ఒక సాయం కావాలి. వాడి పేరు జపాను లిపిలో పేపరు మీద ఫొటో తీసుకున్నాను గానీ మసకగా వచ్చింది. జూలై బషో ర్యాంకుల పట్టిక ఎప్పుడొస్తుంది?

సుమిదా గట్టు
జూన్ 30న. బాంజుకె అంటారు, రిఫరీలే కుంచెతో రాస్తారు. పైవాళ్ల పేర్లు లావుగా, కిందికి పోయేకొద్దీ వెంట్రుకల్లా. అట్టడుగు శ్రేణివాళ్లని ముద్దుగా "భూతద్దం" అంటారు, పేరు చదవాలంటే అదే దిక్కు. నేనొక కాగితం కొని పోస్టులో పంపిస్తాను, ఫొటో ఎంత మసకగా ఉన్నా ఇక్కడ పెట్టండి.

చివరి బెంచీ
భూతద్దం నేను పంపిస్తా. మా బావమరిది దగ్గరుంది.